నీరు పల్లమెరుగు – మరి మురుగో?

మన గోదావరి డెల్టాలో ‘మురుగు కాలువ’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. రైతు నోట వస్తే అది చేలల్లోని ముంపు నీటిని సముద్రం దాకా తీసుకుపోయే పెద్ద డ్రెయిను – యనమదుర్రు, తుల్యభాగ లాంటిది. పట్నవాసి నోట వస్తే అది ఇంటి ముందు నల్లగా నిలిచి ఉండే సన్నని సిమెంటు గాడి. మొదటిదాని గురించి మన పెద్దలు ఏళ్ళ తరబడి ఆలోచించారు, కొట్లాడారు, పన్ను కూడా కట్టారు. రెండోదాని గురించి మనం దోమలు కుట్టినప్పుడు మాత్రమే ఆలోచిస్తున్నాం. ఈ రెండు కాలువల కథా నిజానికి ఒక్కటేననీ, మొదటిది నేర్పిన పాఠం రెండోదానికి పనికొస్తుందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేలు నేర్పిన పాఠం

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని, దాని వెనుక సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడని మనకి చిన్న తరగతుల్లోనే చెప్పారు. కాలువలు తవ్వినవారు ఒక సూత్రం పాటించారు. సాగునీటి కాలువ మెరక మీద నడవాలి, మురుగు కాలువ పల్లంలో నడవాలి. మెరక మీది నీరు రెండు వైపులా చేలకి దిగుతుంది. చేలు తాగి వదిలిన నీరు పల్లంలోని మురుగులో కలుస్తుంది. చూడ్డానికి ఎంత తేలిక!

కానీ నీళ్ళు తేవడంలో చూపినంత శ్రద్ధ నీళ్ళు పంపడంలో చూపలేదు. డ్రెయిన్లు పూడిపోయాయి, గుర్రపుడెక్క అల్లుకుంది, వానొస్తే చేలు చెరువులయ్యాయి. నీళ్ళు లేక ఎండిన పంట కంటే నీళ్ళు పోక కుళ్ళిన పంట రైతుని ఎక్కువ ఏడిపించిన సంవత్సరాలున్నాయి. చివరికి 1960ల నడుమ, పెద్ద ముంపుల తరువాత, ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘం డెల్టా మురుగు సమస్యని పరిశీలించింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాలకి డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. అంటే ఆనకట్ట కట్టిన నూట పదహారేళ్ళకి, ‘నీటికి వచ్చే దారి ఎంత ముఖ్యమో పోయే దారీ అంతే ముఖ్యం’ అన్న సంగతి చట్టం రూపంలో ఒప్పుకున్నామన్నమాట.

చేలకి ఇంత ఆలస్యంగానైనా బుద్ధి తెచ్చుకున్నాం. ఇళ్ళకి ఇంకా తెచ్చుకోలేదు.

కాలనీ ఎలా పుడుతుంది?

రాజమండ్రి చుట్టూ గాని, కాకినాడ, భీమవరం, తణుకు, అమలాపురం చుట్టూ గాని కొత్త కాలనీ పుట్టే పద్ధతి ఒక్కటే. ముందు అది వరిచేను. తరువాత గట్లు తీసేసి, నాలుగు లారీల మట్టి పోసి, తెల్లరాళ్ళు పాతుతారు. చేను సహజంగానే పల్లం, రోడ్డు మెరక. మొదట కట్టినవాడు తన స్థలాన్ని రోడ్డు కంటే ఒక అడుగు లేపుతాడు. పక్కవాడు అతని కంటే అరడుగు లేపుతాడు. మధ్యలో ఖాళీగా మిగిలిన స్థలం ఏది ఉందో అదే అందరి వాడకం నీటికీ గమ్యస్థానం అవుతుంది. పదేళ్ళకి రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేస్తారు. అప్పుడు మొదట కట్టినవాడి గుమ్మం రోడ్డు కంటే కిందికి పోతుంది!

ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. సెప్టిక్ ట్యాంకు మలాన్ని మాయం చేసే యంత్రం కాదు. ఒకటి రెండు రోజులు నీటిని నిలబెట్టి, బరువైనదాన్ని అడుగుకి దించి, తేలికైనదాన్ని పైన తేల్చి, మధ్యలోని నీటిని బయటికి పంపుతుంది, అంతే. ఆ నీరు చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా రోగకారక క్రిములు అందులో పుష్కలంగా ఉంటాయి. దానిని ఇంకుడు గుంతలోకి వదలాలి. కానీ డెల్టాలో వర్షాకాలంలో చాలాచోట్ల రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. నీటితో నిండిన నేల నీటిని ఎలా ఇంకించుకుంటుంది? అందుకని ట్యాంకు గొట్టాన్ని గుట్టుగా వీధి కాలువలోకి తిప్పేస్తాం. ‘మా ఇంట్లో సెప్టిక్ ఉందండీ’ అని గర్వంగా చెప్పుకునే మనం, నిజానికి సెప్టిక్ నీటిని పక్కింటి గుమ్మం ముందు నుంచి నడిపిస్తున్నాం.

ఇక మునిసిపల్ కుళాయి వచ్చాక సమస్య పెరుగుతుంది గాని తగ్గదు. బావి నుంచి చేదుకున్నప్పుడు నాలుగు బిందెలతో గడిపినవాళ్ళం, పంపు తిప్పితే నలభై బిందెలు వాడతాం. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. మంచినీటి పైపు వచ్చిన ప్రతి వీధికీ దాని వెనకాలే మురుగు పైపు రావాలన్నమాట. మనకి మాత్రం రెండింటి మధ్య ఒక తరం గడుస్తోంది.

వాటం లెక్క

అయితే మురుగు పైపు వేయించేస్తే సరి కదా అంటారేమో. ఇక్కడే అసలు చిక్కు. తాపీమేస్త్రీ భాషలో దాని పేరు ‘వాటం’. మంచినీటి పైపులో నీరు ఒత్తిడితో నడుస్తుంది, మెరకైనా ఎక్కుతుంది. మురుగు పైపులో నీరు తన బరువుతో తాను నడవాలి. పైగా ఒంటరిగా కాదు, ఇసుకనీ మలాన్నీ మోసుకుంటూ నడవాలి. సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగం లేకపోతే మోసుకొచ్చిన బరువుని దారిలోనే దించేస్తుంది. పైపు పూడుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 200 ఇళ్ళ కాలనీ, ఇంటికి ఐదుగురు చొప్పున 1000 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు వాడకం అనుకుంటే, అందులో 80 శాతం చొప్పున రోజుకి 1,08,000 లీటర్ల మురుగు. సగటున సెకనుకి ఒకటింపావు లీటరు. పొద్దున్నే అందరూ స్నానాలు చేసే వేళ దానికి మూడు రెట్లు, అంటే సెకనుకి 3.75 లీటర్లు. ఇంత తక్కువ ప్రవాహం తనని తాను శుభ్రం చేసుకుంటూ పారాలంటే పైపుకి ప్రతి 1000 మీటర్లకి సుమారు 4 మీటర్ల వాటం కావాలి. నీరు ఇంకా తక్కువగా ఉండే వీధి మొదట్లో అయితే 1000కి 6 మీటర్లు. ఇది పెద్ద వింత: నీరు ఎంత తక్కువైతే వాటం అంత ఎక్కువ కావాలి.

మరి మన నేల వాటం ఎంత? ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా డెల్టా సుమారుగా మైలుకి ఒక అడుగు చొప్పున దిగుతుంది. కిలోమీటరుకి ఇరవై సెంటీమీటర్లు మాత్రమే! నేనూ, ఇద్దరు స్నేహితులూ మేస్త్రీ దగ్గర పారదర్శకపు గొట్టం అడిగి తెచ్చి, దానిలో నీళ్ళు పోసి, మా వీధి మట్టం కొలిచాం. వంద మీటర్లకి తేడా నాలుగు వేళ్ళయినా లేదు. పైపుకి కావలసింది అరవై సెంటీమీటర్లు. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, ఎవరైనా చేసి చూడొచ్చు. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు.

నేల దిగకపోతే పైపే నేలలోకి దిగాలి. మొదట 90 సెంటీమీటర్ల లోతులో మొదలైన పైపు, తొలి 200 మీటర్లు 1000కి 6 చొప్పున, మిగతా 800 మీటర్లు 1000కి 4 చొప్పున దిగితే, కిలోమీటరు పోయేసరికి ఐదు మీటర్ల లోతు దాటుతుంది. డెల్టా నేలలో ఐదు మీటర్ల కందకం అంటే ఊట నీటిని రాత్రింబగళ్ళు మోటార్లతో తోడుతూ, ఒడ్డు విరిగి పడకుండా పలకలు దన్నుపెట్టి చేయవలసిన పని. అక్కడ ఒక బావి కట్టి, మురుగుని పంపుతో పైకెత్తి, మళ్ళీ కొత్త పైపులో వదలాలి. పంపుకి కరెంటు కావాలి, కాపలా కావాలి, రిపేరు కావాలి. రాయలసీమలోనో విశాఖ మెట్టల్లోనో నేల ఉచితంగా చేసిపెట్టే పనికి మనం నెలనెలా బిల్లు కట్టాలన్నమాట. సారవంతమైన చదును నేలకి మనం చెల్లించే మూల్యం ఇది.

మూడు డాబాల వాన

ఇంకొక లెక్క. గట్టి వాన గంటకి 50 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. వంద చదరపు మీటర్ల డాబా మీద గంటకి 5000 లీటర్లు, అంటే సెకనుకి 1.4 లీటర్ల దాకా పడతాయి. మూడు డాబాల వాననీటి గొట్టాలు మురుగు పైపులో కలిపితే సెకనుకి 4.2 లీటర్లు. రెండు వందల ఇళ్ళ మురుగు, అందరూ స్నానాలు చేసే వేళకి కూడా, 3.75 మాత్రమే!

అందుకే వాననీటికి వేరే దారి, మురుగుకి వేరే దారి ఉండాలంటారు. ‘పైపు ఉంది కదా, డాబా నీళ్ళు కూడా అందులోకే తిప్పేద్దాం’ అని ముగ్గురు తెలివైనవాళ్ళు అనుకుంటే చాలు, వీధిలోని మ్యాన్‌హోళ్ళు మూతలు ఎగరేసుకుని పొంగుతాయి. తప్పు పైపుదీ కాదు, వానదీ కాదు.

తోక ఎక్కడ?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నకి వద్దాం. పైపు మన వీధిలోంచి పోయింది సరే, ఎక్కడికి పోయింది?

రాజమండ్రి వీధికాలువల నీటిలో ఎక్కువ భాగం నల్లా ఛానెల్, ఆవ ఛానెల్ అనే రెండు పెద్ద కాలువల్లో కలుస్తుంది. ఈ మురుగు గోదావరిలోకి చేరుతోందని పుష్కరాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. జాతీయ నదీ సంరక్షణ ప్రణాళిక కింద హుకుంపేటలో రోజుకి 3 కోట్ల లీటర్ల మురుగుని శుద్ధి చేసే కేంద్రాన్ని నిర్మించారు. 2011 జనాభా లెక్కల నాటికే నగర జనాభా మూడు లక్షల నలభై వేలు దాటింది. పైన వేసిన లెక్క ప్రకారమే చూస్తే ఇంతమంది మురుగు రోజుకి మూడు కోట్ల అరవై లక్షల లీటర్లకి పైమాట. ఆ తరువాత ఊరు పెరిగిందే గాని తగ్గలేదు.

1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకి చొరబడ్డాక గాని లండనులో పెద్ద మురుగు సొరంగాలకి డబ్బు మంజూరు కాలేదు. బాజల్గెట్ అనే ఇంజనీరు ఆ సొరంగాలతో మురుగుని ఊరు దాటించి దిగువన నదిలో వదిలాడు. లండను వాసులకి అప్పటికి అది చాలింది. మనకి చాలదు. ఎందుకంటే రాజమండ్రికి దిగువన ఏడెనిమిది కిలోమీటర్లలో ఉన్నది సముద్రం కాదు, ధవళేశ్వరం. అక్కడ బ్యారేజీ దగ్గర నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు బయలుదేరతాయి. ఆ కాలువ నీటితోనే వందలాది గ్రామాల మంచినీటి చెరువులు నింపుకుంటారు. వేసవిలో నదిలో సహజ ప్రవాహం సన్నగిల్లి, సీలేరు నుంచి వదిలే నీటి మీద డెల్టా ఆధారపడే రోజుల్లో, నదిలో కలిసిన మురుగుని పలుచన చేసేందుకు నీరే ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, కాలువలు కట్టేయబోయే ముందు, ఊళ్ళన్నీ చెరువులు నింపుకుంటాయి.

కాబట్టి రాజమండ్రిలో ఒక కాలనీకి మురుగు లైను వేయడమనేది ఆ కాలనీవారి సొంత సౌకర్యం మాత్రమే కాదు. కోనసీమలో ఒక తల్లి బిడ్డకి పట్టే నీటి గ్లాసుకీ దానికీ సంబంధం ఉంది. శుద్ధి కేంద్రం దాకా చేరని పైపు, ఎంత కొత్తదైనా, మన కంపుని మన కంటికి కనబడకుండా పొరుగువాడి నోటికి చేరవేసే పైపు మాత్రమే.

ఎవరి వాటా ఎంత?

ఇంత ఖర్చుతో కూడిన పని ఎవరు చేయాలి? ‘ప్రభుత్వమే చేయాలి’ అనేది ఒక జవాబు. ‘ప్రజలే చేసుకోవాలి’ అనేది ఇంకొకటి. కరాచీలోని ఒరంగీ అనే పేదల బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన మూడో జవాబు చూపించాడు. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో పైపు – ఇవి సందువాళ్ళే చందాలు వేసుకుని, తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుని కట్టుకోవాలి. ఊరి పెద్ద పైపు, శుద్ధి కేంద్రం ప్రభుత్వం చేయాలి. కాంట్రాక్టరు లాభం, దళారీ వాటా తీసేసేసరికి సందు పైపు ఖర్చు పేదవాడికి కూడా అందుబాటులోకి వచ్చింది. ఇరవై ముప్ఫై ఇళ్ళ సందు ఒక యూనిట్టు. అంతకంటే పెద్దదైతే ఒకరినొకరు నమ్మరని ఆయన అనుభవం.

అదే దశాబ్దంలో బ్రెజిల్‌లో ఇంకొక ఉపాయం చేశారు. పైపుని రోడ్డు నడిబొడ్డున కాకుండా కాలిబాట కిందనో, ఇళ్ళ వెనక పెరళ్ళలోంచో నడిపారు. పైన లారీలు నడవవు కాబట్టి లోతు అక్కర్లేదు. లోతు తగ్గితే ఖర్చూ తగ్గింది. మన చదును నేలకి ఈ ఉపాయం పనికొస్తుందనిపిస్తుంది.

మరొక మార్గం, ఉన్న సెప్టిక్ ట్యాంకులని ఉండనిచ్చి, వాటినుంచి వచ్చే తేట నీటిని మాత్రమే సన్నని పైపులో పంపడం. మడ్డి ట్యాంకులోనే ఉంటుంది గనుక పైపు పూడే భయం తక్కువ, వాటం కూడా తక్కువే సరిపోతుంది. కానీ రెండు మూడేళ్ళకొకసారి ప్రతి ట్యాంకునీ తోడించి, ఆ మడ్డిని శుద్ధి కేంద్రానికి చేర్చాలి. ట్యాంకరు వాడు చీకటిపడ్డాక ఏ కాలువలోనో వదిలేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. నరసాపురం వంటి చిన్న పట్టణంలో ఇటువంటి మడ్డిని శుద్ధి చేసే కేంద్రం పెట్టడం మన ప్రాంతంలోనే చెప్పుకోదగ్గ అడుగు.

మ్యాన్‌హోల్‌లోకి దిగేదెవరు?

పైపు గురించి ఇంత మాట్లాడుకుని మనిషి గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. వాటం తప్పిన పైపు పూడుతుంది. పూడిన పైపు దగ్గర ఒక మనిషిని లోపలికి దింపుతారు. ఆ విషవాయువుకి రంగు ఉండదు. మొదట కంపు తెలిసినా, గాఢత పెరిగేకొద్దీ ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. తరువాత ఆ మనిషి పైకి రాడు. అతన్ని లాగబోయినవాడూ రాడు. ఆ దిగేవాడు ఏ కులంవాడో ఎవరూ అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. అదే మన సిగ్గు.

మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, మురుగు గోతుల్లోకి రక్షణ లేకుండా దింపడాన్ని కూడా నేరం చేస్తూ 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో దానిని 30 లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల బస్తీలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికే జీవితాన్ని అంకితం చేసి 2016లో మెగసేసే పురస్కారం అందుకున్నాడు.

చట్టం శిక్ష వేస్తుంది. వాటం ప్రాణం కాపాడుతుంది. సరైన వాటంతో, మనిషి దిగనవసరం లేకుండా మీద నుంచే యంత్రంతో శుభ్రం చేసేలా 30 మీటర్లకొక మ్యాన్‌హోల్‌తో పైపు వేసిన ఇంజనీరు, తనకి తెలియకుండానే ఎవరో ఒక తండ్రిని సాయంత్రం ఇంటికి పంపుతున్నాడు. ఒక అడుగు మిగుల్చుకుందామని లోతు తగ్గించిన కాంట్రాక్టరు కూడా తెలియకుండానే ఏదో చేస్తున్నాడు.

అర్జీ రాసేముందు

విద్యార్థి మిత్రులకి ఒక మనవి. మనలో చాలామంది కాలనీ సంక్షేమ సంఘాలకి అర్జీలు రాసిపెట్టే పనిలో ఉంటాం. ‘మా వీధికి డ్రైనేజీ వేయించగలరు’ అని ఒక్క వాక్యం రాసి సంతకాలు సేకరిస్తాం. ఆ ఒక్క వాక్యానికి బదులు అయిదు ప్రశ్నలు రాద్దాం.

ఒకటి: ఈ పైపు చివర ఏ శుద్ధి కేంద్రంలో కలుస్తుంది? అది ఇంత మురుగుని తీసుకోగలదా?
రెండు: దారిలో పంపింగ్ స్టేషను ఉంటే దాని కరెంటు బిల్లు ఏ పద్దు నుంచి కడతారు?
మూడు: వాననీటికి వేరే కాలువ ఉందా?
నాలుగు: ఇంటి గుమ్మం నుంచి పైపు దాకా కనెక్షను ఖర్చు ఎవరిది? కట్టుకోలేని ఇంటికి ఏం చేస్తారు?
అయిదు: పూడితే ఏ యంత్రం వస్తుంది? అది మన సందులో పడుతుందా?

నాలుగో ప్రశ్నని తేలిగ్గా తీసుకోకూడదు. రోడ్డు కింద పైపు వేసినా, కనెక్షనుకి డబ్బుల్లేకనో, కట్టిన బాత్రూము తవ్వడం ఇష్టం లేకనో ఇళ్ళవాళ్ళు కలపకపోతే పైపులో నీరు చాలదు. నీరు చాలకపోతే, ముందే చెప్పుకున్నట్టు, వేగం చాలదు. ఒక పేద ఇంటికి కనెక్షను ఉచితంగా ఇవ్వడం దానం కాదు, పైపుకి ప్రాణం పోయడం.

పైపు తవ్వకం ఎప్పుడూ పల్లం నుంచి మెరకకి సాగాలని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెబుతారు. చివర ఖాయం చేసుకుని మొదటికి రావాలి. పై నుంచి మొదలుపెడితే కింద ఎక్కడ తేలతామో తెలియదు. మన ప్రణాళికలు కూడా అలాగే సాగాలి. శుద్ధి కేంద్రం ముందు, దానికి చేర్చే పెద్ద పైపు తరువాత, వీధి పైపు ఆ తరువాత, ఇంటి కనెక్షను ఆఖరున. ఓట్ల లెక్క మాత్రం దీనికి తలకిందులు. కంటికి కనిపించే వీధి పనే ముందు జరుగుతుంది.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మురుగుకి ఆ మాత్రం తెలివి చాలదు. దానికి పల్లం మనమే చూపించాలి, ఆ పల్లం అవతల ఎవరున్నారో కూడా చూసి మరీ చూపించాలి.